కావలివాని కూలి



గత నవంబరు మాసమున జైపూరులో ఒక సేవాకేంద్రము ముంగిట నేను రెండు గంటలు కూర్చుండవలసివచ్చెను. పింఛను పుచ్చుకొనువారము తాము జీవించియున్నామని ఏటేట నిరూపించుకొనవలెను గదా! 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతి వలన ఆ నిరూపణ కంప్యూటరు ద్వారా వ్రేలిముద్రతో జరుగుచున్నది. నాకు ముందు ఒక వృద్ధుడు, గనిపని విరమించినవాడు, నిలిచియుండెను. అతడు వ్రేలు పెట్టును. తెరపై వలయము తిరుగుచుండును. గడువు దాటినదని యంత్రము మొదటికి వచ్చును. నాలుగుమారు లట్లే జరిగెను.

"పంతులుసారూ, నా ఏళ్ళు బొగ్గుల అరిగిపోయినయి. మిషినుది తప్పుగాదు" అని అతడు నావంక చూచి నవ్వెను. ఆ నవ్వులో సిగ్గు కలదు. ముద్ర పడకున్న పింఛను నిలిచిపోవును.

కేంద్రము నడుపు యువకుడు టాస్క్ మేనేజరను పట్టికను తెరచెను. ఏ ప్రోగ్రాము ఎంత జ్ఞాపకస్థానమును ఆక్రమించినదో ఆ పట్టిక తెలుపును. మొదటి వరుసలో నున్నది దొంగ కాదు, కావలివాడు! అనగా యాంటీవైరసు. "దీన్ని తీసేస్తే అయిపోతది సార్" అని యువకుడు చేయి సాచెను. నేను వారించితిని. ఏల వారించితినో చెప్పుటకు వెనుకటి కథ కొంత చెప్పవలెను.

కంప్యూటరునందు డిస్కు గాదె వంటిది. అచ్చట ధాన్యము నిలువయుండును. ర్యామను జ్ఞాపకస్థానము కల్లము వంటిది, నూర్పిడి అచ్చటనే. కల్లము నిండెనా, బస్తాలను గాదెకు మోయుటకును మరల తెచ్చుటకును కాలమంతయు చెల్లి, నూర్పిడి నిలుచును. యంత్రము మందగించుట చాలమట్టుకు ఇదియే.

1971లో అమెరికాయందు బాబ్ థామస్ అనునాతడు క్రీపరను ప్రోగ్రామును వ్రాసెను. అది యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి తన రాకను చాటుకొనుటయే గాని వేఱు హాని చేయలేదు. దానిని వెదకి తుడిచివేయుటకు రే టామ్లిన్సన్ రీపరను మఱొక దానిని వ్రాసెను. అదియు అట్లే ప్రాకెడిదే. తొలి కావలివాడు దొంగ నడచిన త్రోవనే నడచెనన్నమాట.

పీసీలకు పట్టిన తొలి పీడ మన పొరుగుననే పుట్టినది. 1986లో లాహోరు నగరమున ఆల్వీ సోదరులు, బాసిత్, అంజద్ అనువారు, బ్రెయిన్ అను వైరసును వ్రాసిరి. తమ సాఫ్టువేరును దొంగతనముగా నకలు చేయువారిని పట్టుటకే వ్రాసితిమని వారి మాట. అందులో తమ పేర్లను, అంగడి చిరునామాను, టెలిఫోను సంఖ్యలను సైతము చేర్చిరి. కన్నము వేసి గోడమీద ఇంటిపేరు వ్రాసిపోయిన దొంగను నేను మఱెచ్చటను వినలేదు! ఆ వైరసు ఫ్లాపీనుండి ర్యాములోనికెక్కి సుమారు 7 కిలోబైట్ల చోటు కాజేసెడిది. ఆనాటి డాసు యంత్రములలో ప్రోగ్రాములకు సామాన్యముగా దక్కు కల్లమంతయు 640 కిలోబైట్లే. కావున లెక్కలో ఆ 7 తగ్గుట దొంగ జాడలలో నొకటి. నేడు చోటు తగ్గినచో మనము కావలివానినే అనుమానించుచున్నాము.

అప్పటినుండి కావలివారు బయలుదేరిరి. 1993లో మైక్రోసాఫ్టు సంస్థ వెలువరించిన ఎంఎస్-డాస్ 6లో వీసేఫ్ అను కావలివాడు చేరెను. అతడు ఎల్లప్పుడు ర్యాములోనే మంచము వేసికొని కూర్చుండువాడు. ఆ 6లోనే మెమ్‌మేకర్ అను వేఱొకటి కలదు. ఇఱుకైన జ్ఞాపకస్థానమును సర్ది చోటుచేయుట దాని పని. కావలివానిని, మంచమునకు చోటుచేయు మేస్త్రీని ఒకే పెట్టెలో నమ్మిరి! కావున ఈ ఫిర్యాదు నిన్నటిది కాదు.

ఆనాటి దొంగల పట్టిక చిన్నది. నేడు దినమునకు 4,50,000కు పైగా క్రొత్త హానికర ప్రోగ్రాములను నమోదు చేయుచున్నామని జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ చెప్పుచున్నది. పట్టికలో చాల భాగమును చేతియందుంచుకొని, తెరచిన ప్రతి దస్త్రమును తడిమి, మూటగట్టిన వానిని విప్పి చూచి, అనుమానమున్న దాని నడతను కనిపెట్టవలెనన్నచో కావలివానికి చోటు కావలెను.

ఈ సంగతి తెలియని దినములలో నేనొక పొరపాటు చేసితిని. ఉద్యోగవిరమణకు ముందటి యేడు మా పాఠశాల కంప్యూటరు నత్తనడక నడచుచుండగా, తెలిసినవానివలె "ఆ యాంటీవైరసును పీకివేయుడు" అని ఆజ్ఞాపించితిని. యంత్రము లేడివలె పరుగెత్తెను. నాలుగవ దినమున ఎవరిదో పెన్‌డ్రైవు పెట్టగా, ఫోల్డరులన్నియు మాయమై షార్ట్‌కట్టులు మాత్రము మిగిలెను. అవి దాగినవేగాని పోలేదని ఎఱుగక డిస్కును ఫార్మాటు చేయించితిని. పదవతరగతి పిల్లల పరీక్షా వివరములు అందులోనే యుండెను. మఱునాడే గడువు. ఇద్దరు ఉపాధ్యాయులును నేనును ప్రవేశపు రిజిష్టరు ముందిడుకొని తెల్లవార్లు మరల ఎక్కించితిమి. ఒక బాలిక పుట్టినతేదీలో నేను చేసిన తప్పును దిద్దించుటకు ఆమె తండ్రి నెలదినములు తిరిగెను. అది నాకిప్పటికిని ముల్లువలె గ్రుచ్చుచుండును.

ఏమరుపాటు పెద్ద కచ్చేరీలకును తప్పలేదు. 2017 మే 12న లోకమునెల్ల కలతపెట్టిన వానాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటరులలో కొన్నిటిని సైతము పట్టినది. అది దస్త్రములకు తాళము వేసి సొమ్మడుగు పీడ. అందులకు దిద్దుబాటును మైక్రోసాఫ్టు ఆ మార్చిలోనే ఇచ్చియుండెను. ఇక కావలివాడే పడగొట్టిన కథయు కలదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షకమునకు వచ్చిన తప్పు నవీకరణము, తన హద్దు దాటిన జ్ఞాపకస్థానమును చదువబోయి, సుమారు 85 లక్షల విండోస్ యంత్రములను కూల్చెను. ఆ దినమున శంషాబాదు విమానాశ్రయమున చేతితో వ్రాసిన బోర్డింగు పాసుల నిచ్చిరి.

మన గోదావరిఖని వైపు భూగర్భగనులలో బొగ్గు తీయునపుడు పైకప్పు కూలకుండ బొగ్గునే పిల్లరులుగా విడిచిపెట్టుట పూర్వమునుండి కలదు. పిల్లరును అమ్మిన సొమ్మగునే! అయినను గని నడుచుచుండగా దానిని ఇష్టము వచ్చినట్లు తవ్వరు. ఎంత లావుండవలెనో లోతునుబట్టి లెక్కకట్టుదురు. నేను యువకునితో ఈ మాటయే అంటిని. వెనుకనున్న వృద్ధుడు "గది నిజం" అనెను.

లెక్క చూడగా అసలు రోగము బయటపడెను. కావలివాడు ఒకడు కాదు, ఇద్దరు! యంత్రముతో వచ్చి చందా ముగిసినది ఒకటి. తరువాత కొన్నది ఒకటి. ఒకే దస్త్రమును ఇద్దరును తడుముచుండిరి. చందా ముగిసిన దానిని సెట్టింగులనుండి పద్ధతిగా తొలగించి, యంత్రము నాపి మరల నడిపితిమి. రెండవది ప్రతిదినము పదునొకండు గంటలకు, జనము క్రిక్కిఱిసియున్న వేళ, డిస్కునంతయు గాలించునట్లు కుదిర్చియుండెను. దానిని భోజనవేళకు మార్చి, మిగిలిన నవీకరణములు వేయించితిమి. పరీక్షింపనక్కఱలేదని కొన్ని ఫోల్డరులను విడిచెదనని యువకుడనగా, పెన్‌డ్రైవులు, డౌనులోడులు మాత్రము విడువవలదంటిని. ఆ యంత్రమున ర్యాము 4 జీబీయే. మఱి నాలుగు చేర్చుట మేలని అతడే ఒప్పుకొనెను. ఇంత చేసినను పట్టికలో అంకె నానాటికి పెరుగుచునే యున్నచో ఆ ప్రోగ్రామునందే లోపముండవచ్చును. దానిని తీసి క్రొత్త ప్రతిని వేయవలెను గాని కావలి లేకుండ యంత్రమును విడువరాదు.

అటుపిమ్మట వృద్ధుడు మరల వ్రేలు పెట్టెను. మొదటిమారు ముద్ర పట్టలేదు. వ్రేళ్ళు నిజముగనే అరిగియుండెను. తడిగుడ్డతో తుడిచి, వేఱొక వ్రేలు పెట్టగా పట్టెను. వలయము రెండుసారులు తిరిగి ఆగెను. వచ్చిన కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని, "ఇగ నువ్వు కూసో పంతులూ" అని అతడు నాకు కుర్చీ విడిచెను.