న్యాయం లెక్కలో ఎవరి కుటుంబం?

1907లో మెల్‌బోర్న్‌లో ఒక న్యాయమూర్తి కోర్టు బోనెక్కించి మరీ ఇల్లాళ్లను పచారీ ఖర్చులడిగాడు. ఆయన పేరు హెన్రీ బోర్న్స్ హిగిన్స్. ముందు సంవత్సరం ఆస్ట్రేలియా పార్లమెంటు, కూలీలకు న్యాయమైన జీతమిచ్చే యజమానులకు ఎక్సైజ్ సుంకం మినహాయిస్తామని చట్టం చేసింది. న్యాయమైన జీతమంటే ఎంతో మాత్రం చెప్పలేదు. ఆ భారం హిగిన్స్ నెత్తిన పడింది. మినహాయింపు కోరింది హార్వెస్టర్ అనే కోతయంత్రం తయారుచేసే హ్యూ విక్టర్ మెకే.

అయిదుగురున్న కూలీ ఇంటికి వారానికి అద్దె, సరుకులు, రొట్టె, మాంసం, పాలు, వంటచెరకు, కూరగాయలు, పళ్లు కలిపి 1 పౌను 12 షిల్లింగుల 5 పెన్నీలని తేలింది. హిగిన్స్ రోజుకు 7 షిల్లింగుల లెక్కన వారానికి 42 షిల్లింగులు, అంటే 2 పౌన్ల 2 షిల్లింగులు ఖాయం చేశాడు. మెకే ఇస్తున్నది రోజుకు ఆరు. ఆ 42 షిల్లింగుల్లో ఈ ఖర్చులు పోగా మిగిలే 9 షిల్లింగుల 7 పెన్నీల్లోనే బట్టలు, చెప్పులు, సామాన్లు, బీమా, యూనియన్ చందా, పిల్లల పుస్తకాలు, ట్రాము ఛార్జీలు, జబ్బులు, చావులు అన్నీ సర్దుకోవాలని తీర్పులో ఆయనే ఏకరువు పెట్టాడు. గమ్మత్తేమిటంటే, ఆ ఏడు షిల్లింగులు అచ్చంగా ఇంటి లెక్కలోంచి పుట్టినవి కావు. లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థలు అప్పటికే ఇస్తున్న కూలి అది. లెక్క దానికి దన్నుగా నిలిచింది. తర్వాత వచ్చిన నమూనాలు చాలావాటిలోనూ ఈ వరస కనిపిస్తుంది.

ఆ చట్టాన్ని 1908లో హైకోర్టు కొట్టేసింది. కొలత మాత్రం దశాబ్దాలపాటు నిలిచింది. దానితోపాటు ఆ ఊహాకుటుంబమూ నిలిచింది: సంపాదించే భర్త, భార్య, పిల్లలు. ఆడవాళ్ల మూలవేతనం చాలాకాలం మగవాళ్లదాంట్లో సుమారు 54 శాతం దగ్గరే ఆగింది. సమాన విలువగల పనికి సమాన వేతనమనే తీర్పు 1972లో గానీ రాలేదు. ఉత్తర ప్రాంతపు పశుక్షేత్రాల్లో పనిచేసే ఆదివాసులకు సమాన జీతమివ్వాలని 1966లో నిర్ణయించారు, అమలును 1968 డిసెంబరు దాకా సాగదీశారు. ఇక మనలాంటివాళ్ల సంగతి సరేసరి. 1901 వలస చట్టం తలుపు మూసేసింది, పార్లమెంటులో దాన్ని సమర్థించినవాళ్లలో హిగిన్స్ కూడా ఉన్నాడు. సిడ్నీ వాయవ్య శివారు ద పాండ్స్‌లో ఇవాళ కాపురముంటున్న తెలుగు కుటుంబం ఆ మహానుభావుడి లెక్కలోకి రావడం అటుంచి, దేశంలోకే రాలేకపోయేది.

తర్వాతి మలుపు రోనల్డ్ హెండర్సన్‌ది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఈ ఆర్థికవేత్త 1966లో మెల్‌బోర్న్‌లో పేదరికం మీద సర్వే చేయించాడు. 1972లో ప్రభుత్వ విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. దంపతులు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఆయన గీసిన పేదరిక రేఖ 1973 చివరి నాటికి వారానికి 62 డాలర్ల 70 సెంట్లు. ఇంట్లో మనుషుల సంఖ్యను బట్టి ఖర్చు ఎంత పెరుగుతుందన్న నిష్పత్తులను న్యూయార్కు నుంచి అరువు తెచ్చుకున్నాడు. మన ప్రణాళికా సంఘం నిపుణులు 1979లో దాదాపు అదే కాలపు ధరలకు లెక్క కట్టి, పల్లెల్లో రోజుకు 2,400 కేలరీల తిండి దొరికేలా తలకు నెలకు 49 రూపాయల 9 పైసలని తేల్చారు. ఒకచోట కడుపు, ఒకచోట నలుగురితో సమానంగా బతకడం. రెండింటినీ పేదరిక రేఖ అనే అన్నారు.

1986 జనగణన నుంచి ఆస్ట్రేలియా గణాంక సంస్థ కుటుంబాన్ని వదిలి పేటను కొలవడం మొదలుపెట్టింది. సీఫా అని పిలిచే సూచికలవి. చదువు, ఉద్యోగం, ఆదాయం, ఇళ్ల వివరాలను గుదిగుచ్చి ప్రతి ప్రాంతానికీ ఒక అంకె ఇస్తారు. ద పాండ్స్ ఈ లెక్కకు సరిగ్గా దొరికే ఊరు. 2000 దశకం చివర్లో సెకండ్ పాండ్స్ క్రీక్ ఒడ్డున వెలసిన కాలనీ, పెద్ద ఇళ్లు, డిగ్రీలున్న దంపతులు, ఇద్దరి జీతాలు. 2016 సూచికల్లో ఒకదానిలో నెలవారీ ఇంటి వాయిదా ఒక మొత్తాన్ని దాటితే అది కలిమికి గుర్తు. బ్యాంకుకు కట్టి చేతులు దులుపుకున్నాక ఇంట్లో మిగిలేదెంతో ఆ అంకెకు పట్టదు. అదే బ్లాక్‌టౌన్ కౌన్సిల్ కింద ఉన్న మౌంట్ డ్రూయిట్ వైపు పేటల పేర్లు ఈ పట్టికల్లో అడుగున కనిపిస్తాయి. అక్కడి అవసరం ఎక్కువన్న మాటతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా సగటును మనిషికి అంటగట్టడంతోనే. అలా చేయొద్దని గణాంక సంస్థే హెచ్చరిస్తుంది.

ప్రైవేటు బడులకు ప్రభుత్వమిచ్చే నిధుల్లో ఈ తగాదా బాహాటంగా వచ్చింది. 2001 నుంచి పిల్లల చిరునామాలను బట్టి, ఆ పేట జనగణన వివరాలతో బడి స్తోమతను అంచనా వేసేవారు. పేద పేటలో ఉన్న ధనవంతుడి పిల్లవాడూ పేదవాడి లెక్కలోకే వచ్చేవాడు. 2020 నుంచి తల్లిదండ్రుల పన్ను లెక్కల్లోని ఆదాయాన్నే నేరుగా తీసుకోవడం మొదలుపెట్టారు. ఇది మేలైన మార్పే. కానీ ఇంటి వాయిదాలూ, ఊళ్లో అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బూ ఈ ఆదాయంలోంచి తీసివేతకు రావు.

ఇంటి ఖర్చును తీసేసి చూడటం కొత్త ఆలోచనేమీ కాదు. హెండర్సన్ అప్పుడే రెండు రేఖలు గీశాడు, ఇంటి ఖర్చుతో ఒకటి, అది లేకుండా ఒకటి. మెల్‌బోర్న్ ఇన్‌స్టిట్యూట్ వాటిని మూడు నెలలకోసారి ఇప్పటికీ ప్రకటిస్తూనే ఉంది. పేటల అంకెలు కట్టేవాళ్లు ఆ రెండో రేఖ జోలికి పోలేదు.