చిన్న కంపెనీ నెట్‌కు మారుతున్నారా? బిల్లు ఎవరిదో, తీగ ఎవరిదో ముందే అడగండి

"అదే స్పీడు, నెలకు వంద రెండొందలు తక్కువ" అంటూ చిన్న ఇంటర్నెట్ కంపెనీల ఏజెంట్లు ఇంటింటికీ తిరగడం మామూలైపోయింది. హైదరాబాద్ పాతబస్తీ నుంచి కర్నూలు, గుంటూరు దాకా ఇదే మాట వినిపిస్తోంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఇంట్లో కుట్టుపని చేసే ఆడవాళ్ల వాట్సాప్ ఆర్డర్లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్స్ అన్నీ ఈ ఒక్క తీగ మీదే నడుస్తున్నాయి కాబట్టి తక్కువ రేటుకు ఆశ పడటంలో తప్పులేదు.

అయితే ఈ కంపెనీల్లో చాలావాటికి సొంత పెద్ద నెట్‌వర్క్ ఉండదు. పెద్ద కంపెనీ దగ్గర హోల్‌సేల్‌గా కొని మనకు రిటైల్‌గా అమ్ముతాయి. ఇది మోసం కాదు, చట్టం ఒప్పుకున్న వ్యాపారమే. కానీ నెట్ ఆగిపోయిన రోజు ఎవరిని అడగాలన్నది మారే ముందే తేల్చుకోవాలి.

మన ఇంటికి నెట్ ఎలా వస్తుంది?

ఇంట్లోని రూటర్ నుంచి స్తంభం మీది బాక్సు దాకా ఒక తీగ, అక్కడి నుంచి లోకల్ ఆపరేటర్ ఆఫీసుకు ఇంకో తీగ, ఆపైన పెద్ద కంపెనీ లైన్. ఈ మూడు ముక్కలూ ఒకరివే కావచ్చు, ముగ్గురివీ కావచ్చు. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఏర్పాట్లు ఇవి.

మొదటిది, పెద్ద పేరు, లోకల్ తీగ. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ చాలాచోట్ల లోకల్ పార్ట్‌నర్ల ద్వారానే ఇంటికొస్తుంది. రైల్‌టెల్ సంస్థ రైల్‌వైర్ కూడా కేబుల్ ఆపరేటర్ల ద్వారా నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌దీ అదే పద్ధతి.

రెండోది, చిన్న కంపెనీకే సొంత లైసెన్సు. కాలనీలో తీగలు వాళ్లవే, పైనుంచి వచ్చే బ్యాండ్‌విడ్త్ మాత్రం పెద్ద కంపెనీ దగ్గర కొంటారు. ఈ లైసెన్సుల్లో 'ఏ' కేటగిరీ దేశమంతటికీ, 'బీ' ఒక టెలికాం సర్కిల్‌కు, 'సీ' అంతకన్నా చిన్న ప్రాంతానికి వర్తిస్తాయి.

మూడోది వర్చువల్ నెట్‌వర్క్ ఆపరేటర్. పెద్ద కంపెనీ నెట్‌వర్క్‌నే తన పేరుతో అమ్ముతాడు. దీనికి టెలికాం శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది.

వీటికి బయట ఇంకో రకం ఉంది. ఒకే కనెక్షన్ తీసుకుని పది ఇళ్లకు పంచి డబ్బులు వసూలు చేయడం. దీనికి లైసెన్సు ఉండదు, రసీదు మీద కంపెనీ పేరు ఉండదు. ఇలాంటి కనెక్షన్ ఎంత చౌకైనా వద్దు. పంచుకున్న లైన్ మీద ఎవరైనా తప్పుడు పని చేస్తే విచారణ ముందుగా కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే వస్తుంది.

తీగ మారకపోతే సమస్య కూడా మారదు

పాత నెట్ తరచూ పోతోందని మారేవాళ్లు ఎక్కువ. పాతది, కొత్తది ఒకే లోకల్ ఆపరేటర్ తీగ మీద వస్తుంటే బిల్లు మీద పేరు మారుతుందంతే. అందుకే ఏజెంట్‌ను నేరుగా అడగండి: "స్తంభం నుంచి మా ఇంటికి తీగ ఎవరిది? తెగితే ఎవరు వచ్చి కలుపుతారు? పైన లైన్ ఏ కంపెనీది?" చివరి ప్రశ్నకు జవాబు మీ పాత కంపెనీ పేరే అయితే, ఆ నెట్‌వర్క్ పడిపోయినప్పుడు రెండూ కలిసే పడిపోతాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండు కనెక్షన్లు పెట్టుకునేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి పలువురు చనిపోయాక, కరెంటు స్తంభాల మీది కేబుళ్లను అధికారులు తొలగించారు. చాలా కాలనీల్లో నెట్ ఆగింది. స్తంభాల మీద వేలాడే తీగ చిన్న కంపెనీదైనా పెద్ద కంపెనీదైనా తెగితే ఒకటే. మళ్లీ వేసే మనుషులు దగ్గర్లో ఉన్నారా లేదా అన్నదే తేడా. ఈ విషయంలో లోకల్ ఆపరేటర్ ఒక్కోసారి పెద్ద కంపెనీ కన్నా త్వరగా వస్తాడు. పక్కింటివాళ్లను అడిగితే ఆ సంగతి తెలిసిపోతుంది.

స్పీడ్ టెస్ట్ ఒక్కటే చాలదు

ఫైబర్‌లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో సుమారు 2.5 గిగాబిట్ల వేగాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. పగలు అందరికీ సరిపోతుంది. రాత్రి అందరూ ఒకేసారి వాడితే, దానికి తోడు చిన్న కంపెనీ పైనుంచి తక్కువ బ్యాండ్‌విడ్త్ కొని ఉంటే, అప్పుడు నెమ్మదిస్తుంది.

స్పీడ్ టెస్ట్ మామూలుగా దగ్గర్లోని సర్వర్‌తోనే కొలుస్తుంది. యూట్యూబ్ వీడియోలు కూడా చాలాసార్లు దగ్గర్లో నిల్వ ఉంచిన సర్వర్ నుంచే వస్తాయి. కాబట్టి అవి రెండూ బాగుండి దుబాయ్ కాల్ మాత్రం తెగిపోవచ్చు. రాత్రి 9 గంటల ప్రాంతంలో, మీ ఇంటివాళ్లు అక్కడ వాడే యాప్‌తోనే అరగంట మాట్లాడి చూడండి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి అక్కడివాళ్లు ఎక్కువగా బోటిమ్ లాంటివి వాడతారు.

లెక్క ఇలా వేసుకోవాలి

ఉదాహరణకు పాత ప్లాన్ రూ.499 అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో రూ.588.82 అవుతుంది. కొత్తవాళ్లు పన్నుతో కలిపి రూ.400 అంటున్నారు, ఇన్‌స్టలేషన్‌కు రూ.1,500 అడుగుతున్నారు. నెలకు మిగిలేది దాదాపు రూ.189. ఆ రూ.1,500 తిరిగి రావడానికే 8 నెలలు పడుతుంది. ఆరు నెలలకే విసిగి మానేస్తే రూ.367 నష్టం. ఏడాది ఉంటే మిగిలేది రూ.766 దాకా.

ఏజెంట్ చెప్పిన రేటులో జీఎస్టీ కలిసిందా, ఆఫర్ అయిపోయాక రేటు ఎంత, రూటర్ మనదా వాళ్లదా, డిపాజిట్ తిరిగిస్తారా అన్నవి కాగితం మీదో వాట్సాప్‌లోనో రాయించుకోండి. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. మొదట ఒక నెలకే కట్టండి.

మారితే పోయేవి

మొబైల్ నంబర్‌ను వేరే కంపెనీకి మార్చుకునే సదుపాయం 2011 నుంచి దేశమంతా ఉంది. ఇంటి ల్యాండ్‌లైన్‌కు అలాంటిది లేదు. ఆ నంబర్ బ్యాంకులో, బంధువుల దగ్గర ఉంటే ముందే మార్పించాలి. చిన్న కంపెనీలు చాలాసార్లు ఒకే ఐపీ అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. మామూలు వాడకానికి ఇబ్బంది లేదు. పాత పద్ధతి సీసీ కెమెరాలను దుకాణంలోనో బయటి ఊరిలోనో ఉండి చూసేవాళ్లకు మాత్రం అది ఆగిపోవచ్చు.

ఫిర్యాదు ఎవరికి?

బిల్లు ఇచ్చిన కంపెనీయే మనకు జవాబుదారు. "తీగ మాది కాదు, వాళ్లను అడగండి" అంటే ఊరుకోవద్దు. ఫోన్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లోగా ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయవచ్చు, ఫీజు ఉండదు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను తీసుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. వీటన్నిటికీ కంపెనీ పేరున్న బిల్లు కావాలి. ఆపరేటర్ నోటిమాటతో డబ్బు తీసుకుని వెళ్తే మన చేతిలో ఆధారం ఉండదు.

మారేటప్పుడు పాత కనెక్షన్‌ను వెంటనే తీసేయకండి. కొత్తది వచ్చాక కనీసం వారం రెండూ నడపండి. కొత్తది నిలిచిందని తేలాకే పాత రూటర్ తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి, డిపాజిట్ ఉంటే రాతపూర్వకంగా అడగండి. ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద "ఇంటర్నెట్ కనెక్షన్ కోసం మాత్రమే" అని తేదీతో సహా రాసి ఇవ్వడం మంచిది.