విలస శాసనం చూపించే కొండ రాజధాని

అయినవిల్లి మండలంలోని విలస చూడటానికి కొబ్బరితోటల నడుమ ఉన్న మామూలు కోనసీమ ఊరు. కానీ ఆ ఊరి పేరు ఎత్తకుండా కాకతీయుల తర్వాతి తెలుగు చరిత్ర రాయలేం. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు కూలింది. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు దారిలోనే నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఆ అరాచకంలో తీరాంధ్రాన్ని కూడగట్టిన ముసునూరి ప్రోలయ నాయకుడు విలసను అగ్రహారంగా దానం చేస్తూ తామ్రశాసనం వేయించాడు. దేవాలయాల విధ్వంసంతో పాటు, రైతు చెమటోడ్చి పండించిన పంట అతనికి దక్కకపోవడం, కుటుంబాలు చితికిపోవడం కూడా అందులో ఉన్నాయి. ఒక దానపత్రం రైతు కష్టాన్ని ఇంతగా పట్టించుకోవడం అరుదు. ప్రోలయ కొలువు ఎక్కడుందో చెప్పేదీ అదే శాసనం: మాల్యవంత పర్వతం చెంతనున్న రేకపల్లి. పాపికొండలకు ఎగువన, శబరి గోదావరిలో కలిసే ప్రాంతంలో, నేటి వరరామచంద్రపురం మండలంలో ఉన్న పల్లె ఇది. కోనసీమ చరిత్రను ఇష్టపడేవారు ద్రాక్షారామం, పలివెల చూసి ఆగిపోకూడదు. ఈ కొండపల్లెకూ వెళ్లాలి.

అక్కడ కోటగోడల్లేవు, చూడటానికేముంది అంటారు. చూడాల్సింది ఆ చోటునే. చుట్టూ అడవి, కొండలు. గుర్రపుదళం చొరబడటం కష్టం. పాపికొండల దగ్గర కొండలు గోదావరిని రెండువైపులా నొక్కేస్తాయి. ఆ ఇరుకు దాటితే నది తిన్నగా డెల్టాలోకి దిగుతుంది. దాక్కోవడానికి కొండ, తిండికి కోన, రెంటినీ కలపడానికి ఏరు: ఎగువన కూర్చున్న నాయకుడు సముద్రతీరానికి దగ్గర్లోని విలసను ఎలా దానమివ్వగలిగాడో ఆ ఒడ్డున నిలబడితే అర్థమవుతుంది. పైగా రేకపల్లి ఎక్కువకాలం నిలిచిన రాజధానీ కాదు. ప్రోలయ తర్వాత కాపయ నాయకుడు 1336 నాటికి ఓరుగల్లునే గెలుచుకున్నాడు. కొద్దికాలపు కొలువుకు రాతికోటలు మిగలకపోవడంలో వింత లేదు.

శాసనం ఆస్థానకవి పొగడ్త కదా, ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. శత్రువుల దౌష్ట్యాన్నీ ప్రభువు పరాక్రమాన్నీ కవి పెంచి చెప్పి ఉంటాడు, కాదనలేం. అయితే రాజును పొగడదలచినవాడు మహానగరాన్ని ఊహిస్తాడు గానీ, కొండ కింది పల్లెను కల్పించడు. కీర్తికి ఏమాత్రం అక్కరకురాని వివరం కాబట్టే రేకపల్లి మాట నమ్మదగినదని నా అభిప్రాయం.

రేకపల్లి ఉన్న మండలం పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధిలో ఉంది. 2022 జూలై వరదలోనూ నీట మునిగింది. జలాశయం నిండాక తవ్వకాలకు చోటే ఉండదు. ముంపు గ్రామాల ప్రజలకు న్యాయమైన పునరావాసం ముందు దక్కాలి, అందులో రెండో మాట లేదు. దానితోపాటే పురావస్తు శాఖ రేకపల్లి పరిసరాలను గాలించి, దొరికిన ప్రతి పెంకునూ ఇటుకనూ నమోదు చేయాలి. ఈ పని చేయమని అడగాల్సిన వారిలో ముందు వరుసలో ఉండాల్సింది కోనసీమవాసులే.