రెండు హామిల్టన్ల నడుమ ఒంటి పడవ

గ్లాస్గో నుంచి ఎం74 రహదారి పట్టుకుని ఆగ్నేయంగా వెళితే ఎంతో దూరం పోకముందే, హామిల్టన్, మదర్‌వెల్ ఊళ్ల మధ్య పొడవాటి చెరువొకటి కనిపిస్తుంది. పేరు స్ట్రాత్‌క్లైడ్ లాక్. 1986లో ఎడిన్‌బరోకు దక్కిన కామన్వెల్త్ క్రీడల్లో రోయింగ్ పందేలు ఇక్కడే జరిగాయి. ఆ క్రీడల్లో రోయింగ్ కనిపించడం అదే ఆఖరు. మొదలు కూడా ఒక హామిల్టన్ దగ్గరే. 1930లో బ్రిటిష్ ఎంపైర్ గేమ్స్ పేరుతో కెనడాలోని హామిల్టన్ నగరంలో ఈ క్రీడలు పుట్టినప్పుడే సింగిల్ స్కల్స్ జాబితాలో ఉంది. 56 ఏళ్లపాటు ఆగుతూ సాగిన పందెం, సముద్రానికి అవతల ఉన్న హామిల్టన్‌లో పుట్టి ఇవతలి హామిల్టన్ పక్కన ముగిసింది.

సింగిల్ స్కల్స్‌లో ఒక పడవ, ఒక మనిషి, రెండు తెడ్లు. పడవ పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. వెడల్పు మనిషి నడుముకు సరిపోయేంతే. బరువు 14 కిలోలకు తగ్గకూడదన్నది నిబంధన. చుక్కాని ఉండదు. పడవ పక్కకు పోతుంటే ఒక చేతిని కాస్త గట్టిగా లాగి దారిలో పెట్టుకోవాలి. తెడ్ల పిడులు ఒళ్లోకి వచ్చేసరికి ఒకదాని మీదుగా ఒకటి దాటతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ల వేళ్ల కణుపులు అక్కడే గీసుకుపోతాయి. కూర్చునే పీట చిన్న చక్రాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. బలమంతా కాళ్లది, చేతులు దాన్ని తెడ్డుకు అందిస్తాయి. అందరూ గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు కాబట్టి ముందున్నవాడికి వెనకాల వచ్చేవాళ్లందరూ కనిపిస్తారు. వెనకబడ్డవాడికి తన ముందు ఎవరున్నారో తల తిప్పితే తప్ప తెలియదు. 2,000 మీటర్లు. మేటి పురుషులకు ఏడు నిమిషాల లోపు పని.

పడవలో ఉన్నది ఒక్కరే గనుక గెలుపోటములు ఇంకెవరి మీదా నెట్టే వీలు లేదు. ఇంత నికార్సయిన పందెం ఇంకొకటి లేదని రోయింగ్ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నీటి మీద జరిగినంతవరకు ఆ మాట నిజమే. దీని చరిత్ర తిరగేస్తే మాత్రం, ఆ పడవలో ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కూర్చోకూడదో అన్న తీర్పు ఎప్పుడూ ఒడ్డు మీదే తేలిందని అర్థమవుతుంది.

పుట్టుక చూస్తే ఇది కూలివాళ్ల పందెం. లండన్‌లో థేమ్స్ మీద వంతెనలు తక్కువగా ఉన్న రోజుల్లో మనుషుల్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చింది పడవవాళ్లే. థామస్ డాగెట్ అనే ఐరిష్ నటుడు, మొదటి జార్జి గద్దెనెక్కిన సందర్భానికి గుర్తుగా, 1715లో వాళ్లలో కుర్రాళ్లకు పందెం పెట్టాడు. అప్పుడే పని నేర్చుకుని బయటికొచ్చిన ఆరుగురు లండన్ వంతెన నుంచి చెల్సీ దాకా, సుమారు ఏడున్నర కిలోమీటర్లు, ఒక్కొక్కరుగా పడవ లాగాలి. గెలిచినవాడికి ఎర్రకోటు, దాని చేతికి పెద్ద వెండి బిళ్ల. ఆ పందెం నేటికీ నడుస్తోంది.

పడవకు ఇప్పటి రూపు వచ్చింది 19వ శతాబ్దంలో. తెడ్డు ఆనే కొక్కేన్ని పడవ అంచు మీద బిగించినంత కాలం పడవను సన్నగా చెయ్యడం కుదరలేదు. టైన్ నది మీద బతికిన హారీ క్లాస్పర్ వంటివాళ్లు 1840ల్లో ఆ కొక్కేన్ని ఇనుప చట్రంతో నీటి మీదికి జరిపారు. అంచుకు, తెడ్డుకు లంకె తెగింది, పడవ సన్నబడింది. 1870ల్లో జారే పీట వచ్చి కాళ్ల బలాన్ని కూడా కలిపింది. టొరంటోకు చెందిన నెడ్ హాన్లన్ ఆ పీట కిటుకు అందరికన్నా ముందు పట్టేసి 1880లో థేమ్స్ మీద ఆస్ట్రేలియా ఛాంపియన్ ఎడ్వర్డ్ ట్రికెట్‌ను ఓడించాడు. అప్పటికి ఇది డబ్బు పందెం. జూదగాళ్లు, పత్రికలవాళ్లు, ఒడ్డున కిక్కిరిసిన జనం.

గ్లాస్గోలో ఆ జనం చేరే చోటు క్లైడ్ నది ఒడ్డున ఉన్న గ్లాస్గో గ్రీన్. అక్కడ క్లైడ్స్‌డేల్ క్లబ్బు 1857లో, క్లైడ్ క్లబ్బు 1865లో మొదలయ్యాయి. 1901లో కట్టిన ఆనకట్ట ఆటుపోట్లను ఆపి ఎగువన నీటిమట్టాన్ని నిలబెట్టింది. 1905 నాటి బోట్‌హౌస్ ఇంకా నిలిచే ఉంది. ఆ ఒడ్డు ఒక్క రోయింగ్‌తో ఆగలేదు. గేర్‌లాక్ తీరం నుంచి నగరానికి వచ్చి రోయింగ్ పిచ్చిలో పడ్డ నలుగురు కుర్రాళ్లు 1872లో ఫుట్‌బాల్ జట్టు ఒకటి పెట్టారు. దాని పేరు రేంజర్స్. తొలి ఆట గ్లాస్గో గ్రీన్‌లోనే ఆడారు. అదే ఒడ్డున 1790 నుంచి గ్లాస్గో హ్యూమేన్ సొసైటీ నీట మునిగేవాళ్లను బయటికి తీస్తోంది. బెన్ పార్సనేజ్, ఆయన తరువాత కొడుకు జార్జ్ దశాబ్దాలపాటు ఆ పని చేసింది తెడ్ల పడవతోనే. జార్జ్ స్కల్లింగ్ పోటీల్లోనూ పేరున్నవాడు. నదిని చదివే నేర్పు పందేనికీ ప్రాణరక్షణకూ ఒకటే.

నీళ్ల మీద చెమటోడ్చి బతికేవాళ్ల పందెం పెద్దమనుషుల చేతికి పోయాక మొదటి గోడ లేచింది. ఇంగ్లండ్‌లో హెన్లీ పడవ పందేల (రెగట్టా) పెద్దలు 1879లో అమెచ్యూర్ ఎవరో తేల్చే నిబంధన రాశారు. డబ్బుకు పందెం వేసినవాళ్లకే కాదు, మెకానిక్కులు, చేతిపనివాళ్లు, కూలీలకు కూడా ప్రవేశం లేదన్నారు. రోజూ ఒళ్లు వంచి పని చేసేవాడికి కండబలం ఎక్కువ, అది దొరబిడ్డలకు అన్యాయం అన్నది వాదన. ఈ నిబంధన ఎవరిని ఆపిందో, ఎవరిని వదిలిందో చూస్తే దాని లోగుట్టు తెలిసిపోతుంది. స్కాట్లాండ్‌లోని లారెన్స్‌కర్క్‌లో పుట్టిన వాలీ కినియర్ లండన్ వచ్చి బట్టల దుకాణంలో ఉద్యోగం చేసేవాడు. అతను 1910, 1911లో హెన్లీలో సింగిల్ స్కల్స్ పందెమైన డైమండ్ స్కల్స్ గెలిచి, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్ స్వర్ణం తెచ్చాడు. ఫిలడెల్ఫియాలో ఇటుకలు పేర్చిన జాన్ కెల్లీని మాత్రం 1920లో హెన్లీ గడప తొక్కనివ్వలేదు. అదే ఏడాది ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో అతను ఇంగ్లండ్ మేటి జాక్ బెరెస్‌ఫోర్డ్‌ను ఒక్క సెకను తేడాతో ఓడించి బదులు తీర్చుకున్నాడు. గజంబద్ద పట్టుకుని గుడ్డ కొలిచే చెయ్యి పనికొచ్చింది, తాపీ పట్టిన చెయ్యి పనికిరాలేదు.

1930లో హామిల్టన్‌లో ఎంపైర్ గేమ్స్ తొలి సింగిల్ స్కల్స్ గెలిచిన బాబీ పియర్స్‌దీ ఇదే కథ. సిడ్నీకి చెందిన వడ్రంగి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ నడుమ బాతు, దాని పిల్లలు వరసగా అడ్డు వస్తే తెడ్లు ఆపి వాటికి దారిచ్చి, ఆపైన పందెమూ స్వర్ణమూ రెండూ గెలిచాడు. ఆ స్వర్ణం కూడా హెన్లీ తలుపు తెరవలేదు. వడ్రంగి వడ్రంగే అన్నారు. ఎంపైర్ గేమ్స్ తరువాత అతను కెనడాలోనే ఉండిపోయాడు. స్కాట్లాండ్ విస్కీ కంపెనీ డ్యూవర్స్ అతనికి అమ్మకాల ఉద్యోగం ఇచ్చింది. మనిషి అదే, ఒళ్లు అదే, కండబలం అదే. సేల్స్‌మన్ అయ్యాడు గనక 1931లో హెన్లీకి రానిచ్చారు. డైమండ్ స్కల్స్ గెలిచి, మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో రెండో ఒలింపిక్ స్వర్ణం తీసుకున్నాడు. చేతిపనివాళ్ల మీద నిషేధాన్ని హెన్లీ 1937లో ఎత్తేసింది.

1930 తరువాత రోయింగ్ కామన్వెల్త్ క్రీడల్లోకి ఆతిథ్య నగరం దయ మీద వచ్చిపోయేది. 1938లో సిడ్నీ, ఆ తరువాత న్యూజిలాండ్, వాంకూవర్, వేల్స్, పెర్త్. 1962 పెర్త్ తరువాత రెండు దశాబ్దాలకు పైగా లేదు. 1970లో ఎడిన్‌బరో మొదటిసారి ఆతిథ్యమిచ్చినప్పుడూ లేదు. 1986 నాటికి మారిందల్లా ఒక్కటే: స్కాట్లాండ్‌కు సరైన పందెపు నీళ్లు వచ్చాయి.

ఆ నీళ్ల కింద ఊరుంది. హామిల్టన్ డ్యూకుల పాలెస్ తోటలు ఒకప్పుడు ఈ క్లైడ్ లోయ అంతా పరుచుకుని ఉండేవి. భూమి కింద బొగ్గు దొరికింది. 1880ల్లో హామిల్టన్ పాలెస్ గని తెరిచారు; గని కార్మికుల కోసం బాత్‌వెల్‌హా అనే ఊరు కట్టారు. ఊరివాళ్లు దాన్ని 'ది పేలిస్' అనేవాళ్లు. తవ్వి తవ్వి నేల కుంగడంతో డ్యూకుల పాలెస్‌నే 1920ల్లో కూల్చాల్సి వచ్చింది. 1959లో గని మూతపడింది, 1965 నాటికి జనాన్ని వేరేచోట్లకు తరలించి ఇళ్లు పడగొట్టారు. 1970ల్లో క్లైడ్ ప్రవాహాన్ని పక్కకు మళ్లించి ఈ చెరువు తవ్వినప్పుడు ఊరి జాగాలో కొంత అందులో కలిసింది. రోమన్ సైనికులు రెండో శతాబ్దంలో కట్టుకున్న స్నానశాల కూడా మునిగేదే. దాన్ని రాయి రాయి విప్పి నీటిమట్టానికి పైన మళ్లీ నిలబెట్టారు. శ్రీశైలం ముంపులో ఆలయాలను విప్పి ఒడ్డుకు చేర్చిన సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పని కొత్తగా అనిపించదు. 1978లో చెరువు చుట్టూ పార్కు తెరిచారు. రెండు కిలోమీటర్ల నేరుగీత పందెం పట్టే నీళ్లు తయారయ్యాయి.

1986 జులైలో ఆ నీళ్ల మీద పురుషుల సింగిల్ స్కల్స్ గెలిచింది ఇంగ్లండ్‌కు చెందిన స్టీవ్ రెడ్‌గ్రేవ్. 1984 నుంచి 2000 వరకు వరసగా ఐదు ఒలింపిక్స్‌లో స్వర్ణాలు తెచ్చినవాడు. ఆ ఐదూ జట్టు పడవల్లోనివే. పెద్ద క్రీడల్లో అతను ఒంటరిగా గెలిచిన స్వర్ణం ఇదొక్కటే. అక్కడే ఆండీ హోమ్స్‌తో కలిసి జంట పడవలో, ఆపైన నలుగురి పడవలో కూడా స్వర్ణాలు తీసుకున్నాడు. ఆడవాళ్లకు కామన్వెల్త్ రోయింగ్‌లో చోటు దొరికింది ఆ ఏడాదే. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల రోయింగ్ మొదలైంది 1976లో. అదీ వెయ్యి మీటర్లే. పూర్తి రెండు వేల మీటర్లు 1988లో గాని ఒలింపిక్స్‌కు చేరలేదు. స్ట్రాత్‌క్లైడ్‌లో సింగిల్ స్కల్స్ గెలిచింది న్యూజిలాండ్‌కు చెందిన స్టెఫనీ ఫాస్టర్. తేలికబరువు విభాగాల్లో ఆస్ట్రేలియా వాళ్లు పీటర్ ఆంటొనీ, అడేర్ ఫెర్గూసన్ గెలిచారు.

ఆ 1986 క్రీడలకు రాగలిగిన 59 దేశాల్లో 32 రాలేదు. వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాతో క్రీడా సంబంధాల విషయంలో బ్రిటన్ థాచర్ ప్రభుత్వ వైఖరికి నిరసనగా ఆఫ్రికా, ఆసియా, కరీబియన్ దేశాలు మొహం తిప్పుకున్నాయి. భారత్ వాటిలో ఒకటి. ఈసారి ఒడ్డు మీద తీర్పు ఇచ్చినవాళ్లది న్యాయమైన పక్షం. అయినా నష్టం మాత్రం ఆటగాళ్లదే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మొదటిసారి రోయింగ్ పెట్టి, జైపూర్ దగ్గర రామ్‌గఢ్ చెరువులో పందేలు నడిపిన దేశానికి, నాలుగేళ్లకే దొరికిన ఆ కామన్వెల్త్ అవకాశం మళ్లీ రాలేదు. మన సింగిల్ స్కల్స్ కథ ఆసియా నీళ్ల మీదే సాగింది. 2005లో ఆసియా రోయింగ్ ఛాంపియన్‌షిప్ హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో జరిగింది. 2010లో గ్వాంగ్‌జౌలో బజరంగ్‌లాల్ తాఖర్ సింగిల్ స్కల్స్ గెలిచాడు, ఆసియా క్రీడల రోయింగ్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. 2016 రియోలో దత్తు భోకనల్ 13వ స్థానంలో నిలిచాడు. మహారాష్ట్రలో కరవు పల్లె నుంచి సైన్యంలో చేరి తెడ్డు పట్టినవాడు. డాగెట్ పందెం కుర్రాళ్లలాగే వీళ్లూ కష్టం చేసుకుని బతికే ఇళ్లవాళ్లు. ఎర్రకోటు బదులు సైనికుల యూనిఫాం.

1986 తరువాత గ్లాస్గో పక్కన ఉన్న నీళ్లు ఖాళీగా ఏమీ లేవు. 1996లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ వచ్చింది. 2018 ఆగస్టులో గ్లాస్గో, బెర్లిన్ కలిసి నిర్వహించిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లో రోయింగ్ ఇక్కడే జరిగింది. మహిళల సింగిల్ స్కల్స్‌ను స్విట్జర్లాండ్‌కు చెందిన జెనీన్ గ్మెలిన్ గెలిచింది. గ్లాస్గోలో పుట్టిన క్యాథరిన్ గ్రెయింజర్ 2009 ప్రపంచ పోటీల సింగిల్ స్కల్స్‌లో రజతం, 2012 లండన్ ఒలింపిక్స్‌లో అన్నా వాట్కిన్స్‌తో జంట పడవలో స్వర్ణం తెచ్చింది. అంతకన్నా ముందు, నగరానికి అరగంట దూరంలో ఉన్న లాక్ లోమండ్ క్లబ్బు నుంచి వచ్చిన పీటర్ హెయినింగ్ 1993, 1994, 1995లో వరసగా తేలికబరువు సింగిల్ స్కల్స్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ విభాగం ఒలింపిక్స్‌లో ఎన్నడూ లేదు. కామన్వెల్త్‌లో 1986తోనే పోయింది. మూడుసార్లు ప్రపంచంలో మొదటివాడు 1996 అట్లాంటాలో తనకన్నా బరువైనవాళ్లతో తలపడాల్సి వచ్చింది.

2014లో గ్లాస్గోయే కామన్వెల్త్ క్రీడలు నిర్వహించింది. స్ట్రాత్‌క్లైడ్ లాక్‌ను వాడుకుంది కూడా, ట్రయాథ్లాన్ ఈతకు. 2026 జులై 23 నుంచి ఆగస్టు 2 వరకు మళ్లీ గ్లాస్గోకే కేటాయించిన క్రీడల జాబితాలో పది ఆటలున్నాయి, రోయింగ్ లేదు. ఖర్చు తగ్గించాలి, వేదికలు తగ్గించాలి అన్నది కారణం, అందులో తప్పు పట్టడానికీ లేదు. అయితే ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. 1879లో వృత్తి పేరుతో, 1976 దాకా ఆడవాళ్లన్న పేరుతో, 1986లో రాజకీయం పేరుతో, ఇప్పుడు లెక్కల పేరుతో ఈ పందెం గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు. ఇంతకుముందు అడ్డు పెట్టినవాళ్లు ఇదీ కారణమని చెప్పాల్సి వచ్చింది, అందుకే ఎవరో ఒకరు ఎదురు వాదించి గోడ కూల్చగలిగారు. ఒక ఆటను జాబితాలో చేర్చకపోవడానికి విడిగా వాదన కూడా అక్కర్లేదు. ఒక నదిని మళ్లించి, ఒక ఊరి జాగాను ముంచి చెరువు తవ్వుకున్న ప్రాంతం, ఆ చెరువు ఎవరి పందేనికో నోరు తెరిచి అడగడం నేర్చుకోవాలి.