ఆటిజంలో ఇంద్రియానుభవం

ఆటిజం ఉన్నవారిలో చాలామందికి వెలుగు, శబ్దం, స్పర్శ, రుచి, వాసన వంటివి ఇతరులకంటె చాలా తీవ్రంగానో, చాలా మందంగానో అనుభవంలోకి వస్తాయి. ఇది కంటిలోనో చెవిలోనో ఉన్న లోపం కాదు. వినికిడి పరీక్షలో ఏ తేడా కనిపించని పిల్లవాడే మిక్సీ మోతకు చెవులు మూసుకొని గది విడిచి పారిపోవచ్చు. ఇంద్రియాలు పంపిన సమాచారాన్ని మెదడు వడపోసి, అవసరమైనదాన్ని ముందుకు తెచ్చి, అలవాటైనదాన్ని వెనక్కి నెట్టే ప్రక్రియలోనే ఈ భేదం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు.

పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లో అమెరికాలో ఆటిజం ఉన్న 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసంలోనే లిఫ్టుకు, వాక్యూమ్ క్లీనరుకు, కుళాయి నీటి చప్పుడుకు, చివరకు గాలికి కూడా భయపడే పిల్లలు కనిపిస్తారు. అయితే అదే పిల్లవాడు తానుగా అంతే పెద్ద చప్పుడు సంతోషంగా చేయగలడని గమనించిన కానర్, పిల్లవాడిని బాధించేది శబ్దం కాదనీ, తన ఏకాంతంలోకి అది చొరబడటమేననీ నిర్ణయించాడు. ఆయన గమనింపు నిశితమైనదే కాని, ఆ నిర్ణయం బాధను తక్కువ చేసింది. తాను చేసే శబ్దం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో పిల్లవాడికి తెలుసు. బయటి శబ్దం గురించి అది తెలియదు, తెలియకపోవడమే దాని తీవ్రతను పెంచుతుంది. అమెరికా మనోవైద్య సంఘం తన నిర్ధారణ గ్రంథంలో ఇంద్రియ స్పందనలను ఆటిజం లక్షణాలలో ఒకటిగా చేర్చినది 2013లో, అంటే కానర్ వ్యాసం వెలువడిన 70 ఏళ్లకు.

ఉద్దీపనకు మితిమీరి స్పందించడాన్ని అతిస్పందన అనీ, తగినంత స్పందించకపోవడాన్ని అల్పస్పందన అనీ అంటారు. ఈ రెండూ ఒకే వ్యక్తిలో ఉండవచ్చు: చొక్కా మెడపట్టీలోని చీటీ రాపిడిని ఓర్వలేని వ్యక్తికే మోకాలి గాయం తెలియకపోవచ్చు. ఆకలి, దాహం, నొప్పి వంటి లోపలి సంకేతాలను గుర్తించడం, అంటే అంతర్గ్రహణం, మందగించినప్పుడు ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పంటినొప్పినో కడుపునొప్పినో సకాలంలో చెప్పలేని వ్యక్తికి చికిత్స కూడా ఆలస్యమవుతుంది.

స్పర్శ విషయంలో ఆటిజం ఉన్న పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఉదాహరణ ప్రసిద్ధం. ఇతరులు కౌగిలించుకుంటే తట్టుకోలేని ఆమె, పశువులను ఇరుపక్కలా ఒత్తి పట్టి ఉంచే చట్రాన్ని అరిజోనాలో చూసి, యౌవనంలోనే తన శరీరానికి సరిపడే పరికరాన్ని తయారుచేసుకున్నది. ఒత్తిడిని తానే నియంత్రించుకోగలగడం వల్ల అది ఆమెకు ఊరటనిచ్చింది. చేతులు ఆడించడం, ఊగడం, ఒకే ధ్వనిని మళ్లీమళ్లీ పలకడం వంటి చర్యలు కూడా తమను కుదుటపరుస్తాయని ఆటిజం ఉన్న పెద్దలు ఎందరో వివరించారు; వాటిని బలవంతంగా మాన్పించడం వారి ఆసరాను లాగేయడమే అవుతుంది.

ఉద్దీపనలు భరించగల స్థాయిని మించితే కొందరు ఏడుపుతోనో అరుపులతోనో కట్టు తప్పుతారు, మరికొందరు మాట పడిపోయి ముడుచుకుపోతారు. దీనిని మొండితనంగా భావించి దండించడం క్రూరమే. ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించిన భారతదేశపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తగిన వెసులుబాట్లు కల్పించాలని చెబుతున్నది. మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటును మార్చడం, శబ్దాన్ని తగ్గించే చెవికప్పులను తరగతిలో అనుమతించడం, కుక్కర్ కూత వేయబోతున్నదని ముందే చెప్పడం, దీపావళి రాత్రి టపాసుల మోత తక్కువగా వినిపించే గదిని సిద్ధం చేయడం వంటివి పెద్ద ఖర్చు లేకుండానే సాధ్యమయ్యే వెసులుబాట్లు.