సంఘం రాకముందు, వచ్చిన తర్వాత



కడంబూరు అంటే బయటివాళ్ళకు రైల్లో కొనుక్కునే పోళీనే గుర్తొస్తుంది. కోవిల్‌పట్టి నుంచి అరుప్పుకోట, విరుదునగర్ దాకా ఈ కరిసల్ నేలలో మగ్గం కథ కూడా ఒకటి ఉంది. దాన్ని మాకు తెలిసినంత రాస్తున్నాం.

మన పనిలోనే ఒక విచిత్రం ఉంది. పడుగు సాగదీయాలంటే వీధి కావాలి. తెల్లారకముందే గంజి పెట్టి, ఎండ ఎక్కకముందే రెండు పక్కలా నిలబడి కుంచెతో దువ్వాలి. ఒక్కరి వల్ల కాదు. ఈ రోజు మా పడుగుకు మీరు, రేపు మీ పడుగుకు మేము. కూలి లెక్క లేదు, కాఫీ మాత్రమే. అదే మనిషి గుంటలోకి దిగి మగ్గం ముందు కూర్చుంటే ఒంటరి. పక్కింటి నాడె శబ్దం ఎంత జోరుగా వినిపిస్తే వీడికి అంత గుబులు. అవతలివాడి చీర ముందు దిగితే షావుకారు తర్వాతి నూలు వాడికే ఇస్తాడు.

ఈ గుబులు షావుకారుకు బాగా తెలుసు. ఇక్కడ కూలి తగ్గించి, పక్క వీధివాళ్ళు ఇంకా తక్కువకే నేస్తున్నారంటాడు. అక్కడికి పోయి మన పేరు చెప్తాడు. అరుప్పుకోటలో దేవాంగులూ సాలియర్లూ ఇరువురూ నేసేవాళ్ళే. ఇద్దరూ కలిసి కూర్చుని కూలి లెక్క సరిచూసుకుంటే ఆ మాట ఒక్క రోజు కూడా నిలవదు. కూర్చోవడమే జరగదు.

ఇది మన ఒక్కరి గతే కాదు. ఇంగ్లాండులో రోచ్‌డేల్ నేతవాళ్ళు కూలి కోసం సమ్మె చేసి ఓడిపోయారు. ఆ తర్వాత 28 మంది తలా ఒక పౌను వేసుకుని 1844 డిసెంబర్ 21న చిన్న అంగడి తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు, అంతే. ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు అని రాసుకున్నారు. మన సంఘాల పుస్తకంలో ఇప్పటికీ ఉన్నది ఆ మాటే.

మన దేశంలో 1904 చట్టం అప్పు సంఘాలకు మాత్రమే. 1912 చట్టంతో నేసేవాళ్ళూ అమ్మేవాళ్ళూ సంఘం పెట్టుకోగలిగారు. 1935లో ఈ రోజు కో-ఆప్టెక్స్ అనే రాష్ట్ర సంఘం వచ్చింది. యుద్ధకాలంలో నూలు కంట్రోలు పెట్టాక సంఘం దారినే నూలు అందింది, జనం తోసుకుంటూ చేరారు. కంట్రోలు సడలగానే చాలామంది మళ్ళీ షావుకారు అరుగు మీదే. 1953లో మిల్లు బట్ట మీద గజానికి మూడు పైల సుంకం వేసి, ఆ డబ్బుతో చేనేతకు సాయం చేశారు. వాటా ధనానికి కూడా అప్పు దొరికింది. అప్పుడూ అంతే. పేరు సంఘంలో, మగ్గం షావుకారుకు. తప్పు వాళ్ళదేనని మేము అనం. పండగ ముందు రోజు చేతికి డబ్బు ఎవరిస్తే నేతగాడు అక్కడికే పోతాడు, సంఘం బిల్లు మూడు నెలలకు వస్తుంది కదా.

1983లో ఎంజీఆర్ ఉచిత ధోవతి, చీర పథకం తెచ్చాక నిలకడగా పని దొరికింది. ఒకే రకం, ఒకే కూలి. వీధిలో పోటీ తగ్గింది, నిజమే. చేతిలో నైపుణ్యమూ కొంత తగ్గిందని మా అభిప్రాయం. తర్వాత ఆ ఆర్డర్లు పవర్‌లూమ్‌లకూ పోయాయి.

ఇప్పుడు నూలు తక్కువ వచ్చినప్పుడల్లా మా సంఘంలో ఒకటే తగువు. జోరుగా నేసేవాడు, మా మగ్గం ఎందుకు ఖాళీగా ఉండాలంటాడు. వయసైన అక్క, వేగం చూసి ఇస్తే నా వంతు ఎప్పుడొస్తుందంటుంది. ఇద్దరి మాటా న్యాయమే. చివరికి ముందు అందరికీ తలా ఒక పడుగు, మిగిలింది ముగించి తెచ్చినవాళ్ళకు అని పెట్టుకున్నాం. గొణుగుడు ఉంది, కానీ ఎవరూ సంఘం విడిచి పోలేదు.

ఇప్పుడు పడుగు గంజి పెట్టే వస్తోంది. వీధిలో కుంచె పట్టుకునే పొద్దులు పోయాయి. అందరం ఒక చోట ముఖాలు చూసుకునేది నూలు ఇచ్చే రోజు ఒక్కటే. ఆ రోజు పిల్లల చేతికి సంచి ఇచ్చి పంపకుండా మీరే రండి.