విశ్వాస ప్రమాణాలు – చర్చి ఐక్యత

క్రీ.శ. 325లో రోమను చక్రవర్తి కాన్‌స్టంటైన్ నేటి తుర్కీలోని ఇజ్నిక్‌లో, నాటి నైసియాలో, బిషప్పుల మహాసభను సమావేశపరిచాడు. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ఆ సభ తీర్మానించింది. అంగీకరించని ఏరియస్ దేశ బహిష్కరణకు గురయ్యాడు. ముస్లిం రచయితలు కొందరు ఏరియస్‌ను తౌహీద్ వాదిగా చిత్రిస్తారు, అది సరికాదు. కుమారుడు సృష్టించబడినవాడని అతడు చెప్పిన మాట నిజమే. కాని తక్కిన సృష్టి యావత్తూ ఆ కుమారుని ద్వారానే కలిగిందని కూడా అతడు నమ్మాడు.

నేడు చర్చిలలో పఠించే రూపం 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడినది. దీనిని ఒప్పుకున్నవారే 451లో కల్కెదోను సభానంతరం చీలిపోయారు. క్రీస్తులో స్వభావాలు రెండా, ఒకటా అన్నది వివాదం. ఈజిప్టులోని అధిక సంఖ్యాక క్రైస్తవులు ఆ సభా నిర్ణయాన్ని తిరస్కరించారు. బైజాంటియం ప్రభుత్వం బలప్రయోగానికి పూనుకోగా కాప్టుల పేట్రియార్క్ బెంజమిన్ పదేండ్లకు పైగా అజ్ఞాతంలో గడిపాడు. ఈజిప్టును జయించిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) అభయమిచ్చిన పిమ్మటనే ఆయన తన పీఠానికి తిరిగి వచ్చాడు. అంతమాత్రాన కాప్టులందరూ ముస్లిం సేనలను స్వాగతించారనడం తొందరపాటు. ఆ శతాబ్దపు కాప్టు చరిత్రకారుడు, నికియు బిషప్ యోహాను, యుద్ధకాలపు కష్టాలనూ వ్రాశాడు, అమ్ర్ చర్చిల ఆస్తులను ముట్టలేదనీ వ్రాశాడు.

ఆ చీలిక పదిహేను శతాబ్దాలు నిలిచింది. 1973 మే నెలలో ఆరవ పోపు పాల్, కాప్టుల పోపు మూడవ షెనూదా రోములో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. కల్కెదోను సభలో తగవు రేపిన పదాలను ప్రక్కనబెట్టి, ఇరువురికీ సమ్మతమైన మాటలలో తమ విశ్వాసాన్ని చెప్పుకున్నారు. పాలకుల ఒత్తిడి లేనప్పుడు ఇది సాధ్యమయిందన్నది గమనార్హం.

దక్షిణ భారతంలో పరిస్థితి వేరు. 1919లో ట్రాంక్విబార్‌లో మొదలైన ఐక్యతా సంప్రదింపులకు తెలంగాణలోని దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ముఖ్య సారథి. 1945లో ఆయన మరణించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అపొస్తలుల ప్రమాణం, నైసియా ప్రమాణం ఆమోదించడంలో పెద్ద చిక్కు రాలేదు. ఏండ్ల తరబడి సాగిన వాదమంతా బిషప్పుల అధికారం గురించే! నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అనేకులు ఆనాడు చేరలేదు. తెలుగునాట పెద్ద సంఖ్యలో ఉన్న లూథరన్లు, అవే ప్రమాణాలను పఠిస్తూనే, వెలుపల ఉండిపోయారు.

2024 మార్చిలో కాప్టు చర్చి రోముతో వేదాంత చర్చలను నిలిపివేసింది. కారణం ప్రమాణంలోని ఏ వాక్యమూ కాదు; స్వలింగ జంటలకు దీవెన విషయమై రోము 2023లో వెలువరించిన పత్రం.